గత నెల ఈఆర్‌ఏ చూసి తొందరపడకండి: ఫాంటసీ బేస్‌బాల్‌లో పిచర్ ఫామ్‌ని అంచనా వేయడం ఎలా

ఆదివారం రాత్రి. వారం లైనప్ లాక్ కావడానికి ఇంకో గంట ఉంది. ఫాంటసీలో నిజం ఆటగాళ్లను ఎంచుకుని, వాళ్ల మ్యాచ్ అంకెలతో పోటీపడతాం కదా, మీరలా కట్టుకున్న టీమ్‌లో ఒక పిచర్ (బంతి వేసేవాడు) నెల రోజులుగా దెబ్బలు తింటున్నాడు. ఎవరూ తీసుకోని ఆటగాళ్ల లిస్టులో ఇంకొకతను 1.88 ఈఆర్‌ఏతో (ఇచ్చిన రన్స్ సగటు, తక్కువైతే మేలు) పైన కనిపిస్తున్నాడు. ఇతన్ని తీసేసి అతన్ని తెచ్చుకుందామని చెయ్యి లాగుతుంది. ఆ బటన్ నొక్కేముందు ఒక్క పావుగంట ఆగండి. అమెరికాలో ఆఫీసు లీగుల్లో కొత్తగా చేరుతున్న మనవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. క్రికెట్ బాగా తెలిసి, బేస్‌బాల్ ఒకటి రెండు సీజన్లు చూసి ఉంటే చాలు, మిగతాది అర్థమవుతుంది.

నేను పట్టుకునే సూత్రం ఒకటే. పిచర్ ఆట మారిందని అంకెలు చెబుతుంటే, ఆ మార్పుకి కారణం ఏమైనా ఉందా అని వెతుకుతాను. కారణం దొరికితే నమ్ముతాను. దొరక్కపోతే అతను నెమ్మదిగా తన పాత స్థాయికే వస్తాడని అనుకుంటాను, అది పైకైనా, కిందికైనా.

ముందు మీ లీగ్ రూల్స్

చాలా లీగుల్లో పిచర్లకి ఐదు విభాగాలు ఉంటాయి: గెలుపులు, సేవ్‌లు (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా కాపాడి మ్యాచ్ ముగించడం), స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని అవుట్ చేయడం), ఈఆర్‌ఏ, విప్. ఫీల్డర్ల పొరపాట్ల వల్ల వచ్చినవి తీసేసి, తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ ఎన్ని రన్స్ ఇచ్చాడో చెప్పేది ఈఆర్‌ఏ. ఒక్కో ఇన్నింగ్స్‌కి హిట్లు, వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్‌కి ఉచితంగా దక్కే బేస్) కలిపి ఎంతమందిని బేస్ మీదకి పంపాడో చెప్పేది విప్. కొన్ని లీగుల్లో గెలుపుల బదులు క్వాలిటీ స్టార్ట్ లెక్కిస్తారు. అంటే కనీసం 6 ఇన్నింగ్స్ వేసి, ఈఆర్‌ఏలో లెక్కకొచ్చే రన్స్ 3కి మించి ఇవ్వకపోవడం.

ఒక పిచర్ ఎలా ఆడుతున్నాడో తెలుసుకోవడానికి గెలుపుల కాలమ్ అసలు చూడకండి. 2018లో జేకబ్ డిగ్రామ్ సీజన్ మొత్తం 1.70 ఈఆర్‌ఏతో ఆడి సై యంగ్ అవార్డు (ఏటా ఉత్తమ పిచర్‌కి ఇచ్చేది) గెలిచాడు, గెలుపులు మాత్రం 10. 2025లో పాల్ స్కీన్స్‌ది కూడా అదే కథ. 1.97 ఈఆర్‌ఏ, సై యంగ్ అవార్డు, కానీ 10 గెలుపులు, 10 ఓటములు. గెలుపు రావాలంటే సొంత టీమ్ రన్స్ కొట్టాలి, తర్వాత వచ్చే రిలీవర్లు ఆధిక్యాన్ని కాపాడాలి. ఈ రెండూ పిచర్ చేతిలో లేవు.

ఇంకో చిన్న విషయం. స్కోరులో 5.2 ఇన్నింగ్స్ అని ఉంటే అది ఐదున్నర దగ్గరి దశాంశం కాదు. 5.2 ఓవర్లు అన్నట్టే చదవాలి. ఐదు ఇన్నింగ్స్, ఆరోదాంట్లో రెండు అవుట్లు. ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి లెక్క వేసేటప్పుడు 5.67 అని తీసుకోండి.

ఎంతమంది బ్యాటర్లని ఎదుర్కొన్నాడు?

"గత రెండు మ్యాచులుగా అదరగొడుతున్నాడు" అని ఎవరైనా అంటే, నేను మొదట అడిగేది ఎంతమంది బ్యాటర్లకి వేశాడనే. ఒక స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) ఒక మ్యాచ్‌లో సుమారు 22 నుంచి 26 మందికి బంతులు వేస్తాడు. ఏ అంకెని ఎంత త్వరగా నమ్మవచ్చో రస్సెల్ కార్ల్‌టన్ అనే విశ్లేషకుడు లెక్కగట్టాడు. స్ట్రైకౌట్ శాతం సుమారు 70 మంది బ్యాటర్ల తర్వాత ఎంతో కొంత నిజం చెప్పడం మొదలుపెడుతుంది. వాక్ శాతానికి దాదాపు 170 మంది కావాలి. హోమ్‌రన్‌లకి (మన సిక్సర్ లాంటివి) 1,300 పైనే. గాల్లోకో నేల మీదో మైదానంలోకి కొట్టిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయన్న లెక్కకైతే సుమారు 2,000 బంతులు, అంటే కొన్ని సీజన్లు.

దీన్ని మన పనికి ఇలా వాడుకోవాలి. మూడు స్టార్ట్‌ల తర్వాత స్ట్రైకౌట్లు చూడండి. ఏడెనిమిది స్టార్ట్‌ల తర్వాత వాక్‌లు చూడండి. నెల రోజుల్లో ఎన్ని హిట్లు పడ్డాయి, ఎన్ని హోమ్‌రన్‌లు పోయాయి అన్నది చూసి మాత్రం మనిషిని తీసేయకండి, తెచ్చుకోకండి.

ఒక్క చెడ్డ రోజు ఎంత పాడుచేస్తుందో కూడా గమనించండి. 2024 ఏప్రిల్ 11న కాన్సస్ సిటీలో హ్యూస్టన్ పిచర్ హంటర్ బ్రౌన్ రెండంటే రెండు అవుట్లు తీసి, 11 హిట్లు, 9 రన్స్ ఇచ్చాడు. అలాంటి రోజు తర్వాత ఒక పిచర్ ఐదు మ్యాచుల్లో 30 ఇన్నింగ్స్ వేసి 10 రన్స్ మాత్రమే ఇచ్చాడనుకోండి. ఆ ఐదు మ్యాచుల ఈఆర్‌ఏ 3.00. అన్నీ కలిపి చూస్తే 5.58! లిస్టులో మీకు కనిపించేది 5.58 మాత్రమే. కాబట్టి మొత్తం అంకె చూసి ఆగిపోకుండా, మ్యాచ్ వారీ పట్టిక తెరవండి.

ఇద్దరు పిచర్లను పక్కపక్కన పెట్టి చూద్దాం

ఇప్పుడు అసలు పని. మొదట చెప్పిన ఇద్దరినే తీసుకుందాం. ఇవి ఉదాహరణ కోసం నేను వేసిన అంకెలు. పేర్లు వద్దు, సుబ్బు, గోపి అనుకుందాం.

లిస్టులో మెరుస్తున్న సుబ్బు: గత 4 స్టార్ట్‌లు, 24 ఇన్నింగ్స్, 96 మంది బ్యాటర్లు, 16 హిట్లు, 1 హోమ్‌రన్, 10 వాక్‌లు, 14 స్ట్రైకౌట్లు, 5 రన్స్. ఈఆర్‌ఏ 1.88, విప్ 1.08.

మీ టీమ్‌లో దెబ్బలు తింటున్న గోపి: గత 4 స్టార్ట్‌లు, 22 ఇన్నింగ్స్, 96 మంది బ్యాటర్లు, 26 హిట్లు, 4 హోమ్‌రన్‌లు, 5 వాక్‌లు, 29 స్ట్రైకౌట్లు, 14 రన్స్. ఈఆర్‌ఏ 5.73, విప్ 1.41.

మొదటి లెక్క: స్ట్రైకౌట్ శాతంలోంచి వాక్ శాతం తీసేయండి. ఒక్క అంకె చూసే టైమే ఉంటే ఇదే చూడండి. మేజర్ లీగ్‌లో స్ట్రైకౌట్లు సగటున 22 శాతం, వాక్‌లు 8 శాతం చుట్టూ ఉంటాయి. అంటే తేడా సుమారు 14. సుబ్బుకి స్ట్రైకౌట్లు 14.6 శాతం, వాక్‌లు 10.4 శాతం. తేడా 4.2. గోపికి స్ట్రైకౌట్లు 30.2, వాక్‌లు 5.2. తేడా 25. ఈ తేడా 20 దాటితే నాకు ఆ పిచర్ మీద ఆసక్తి పుడుతుంది. 25 అంటే చాలా పెద్ద మాట. 10 కంటే తక్కువ ఉన్నవాడి ఈఆర్‌ఏ ఎంత బాగున్నా నేను తొందరపడను.

రెండో లెక్క: మైదానంలోకి కొట్టిన బంతుల్లో ఎన్ని హిట్లయ్యాయి? దీన్ని బాబిప్ అంటారు. హిట్లలోంచి హోమ్‌రన్‌లు తీసేయండి. మొత్తం బ్యాటర్లలోంచి వాక్‌లు, స్ట్రైకౌట్లు, హోమ్‌రన్‌లు తీసేయండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. లీగ్ సగటు .290 చుట్టుపక్కల ఉంటుంది. సుబ్బుది 15 బై 71, అంటే .211. గోపిది 22 బై 58, అంటే .379.

ఈ లెక్క ఎందుకంత ముఖ్యమో మన హైదరాబాద్ సిరాజ్‌ని తలుచుకుంటే ఇట్టే తెలుస్తుంది. సిరాజ్ బంతి బ్యాట్ అంచుకి తగిలింది. స్లిప్‌లో ఫీల్డర్ ఉంటే వికెట్. ఆ ఖాళీలోంచి దూరితే ఫోర్. బంతి అదే, బౌలర్ అదే, స్కోరుబోర్డు మాత్రం వేరు. 2001లో వోరోస్ మెక్రాకెన్ అనే విశ్లేషకుడు దాదాపు ఇదే మాట బేస్‌బాల్‌లో అన్నాడు. బంతి ఒకసారి బ్యాట్‌కి తగిలి మైదానంలోకి వెళ్లాక, అది హిట్ అవుతుందా లేదా అన్నదాని మీద పిచర్లకి మనం అనుకున్నంత పట్టు లేదని. అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. తర్వాత వచ్చిన పరిశోధన ఆ మాటని కొంత సవరించింది కానీ కొట్టిపారేయలేదు.

మూడో లెక్క: బేస్ మీదకి ఎక్కినవాళ్లలో ఎంతమంది రన్ చేయకుండా మిగిలిపోయారు? స్ట్రాండ్ రేటు అంటారు, సగటు 72 శాతం దగ్గర. సుబ్బుకి ఇది 85, గోపికి 67. స్ట్రైకౌట్లు బాగా తీసే పిచర్ కష్టంలోంచి తనంతట తాను బయటపడగలడు కాబట్టి అతనికి 78, 80 ఉన్నా ఆశ్చర్యం లేదు. 14 శాతం స్ట్రైకౌట్లతో 85 మాత్రం నిలబడదు.

ఈ మూడూ మీరు చేతితో వేయక్కర్లేదు. ఫ్యాన్‌గ్రాఫ్స్ సైట్‌లో పిచర్ పేజీకి వెళ్లి తేదీలు ఎంచుకుంటే వచ్చేస్తాయి. అక్కడే ఫిప్ అనే కాలమ్ కూడా ఉంటుంది. హోమ్‌రన్‌లు, వాక్‌లు, స్ట్రైకౌట్లు, శరీరానికి తగిలిన బంతులు మాత్రమే తీసుకుని ఈఆర్‌ఏ ఎంత ఉండాల్సిందో చెప్పే అంకె అది. మనవాళ్లిద్దరికీ వేస్తే సుబ్బుకి 3.73, గోపికి 3.51 దగ్గర వస్తుంది. ఈఆర్‌ఏలో దాదాపు నాలుగు రన్స్ తేడా ఉన్న ఇద్దరూ ఫిప్‌లో పక్కపక్కన నిలబడ్డారు. పైగా సుబ్బుకి ఆ 3.73 కూడా నెల మొత్తం ఒక్క హోమ్‌రనే పోవడం వల్ల వచ్చింది.

అయినా ఇక్కడే ఆగకండి. "దురదృష్టం" అన్న మాట చాలా సులువుగా నోట్లోకి వస్తుంది. గోపి బంతులను బ్యాటర్లు ఎంత గట్టిగా కొడుతున్నారో చూడాలి. బ్యాట్ నుంచి బంతి గంటకు 95 మైళ్లు, అంతకంటే ఎక్కువ వేగంతో వెళ్తే గట్టి దెబ్బ కింద లెక్కిస్తారు. లీగ్‌లో సగటున వందకి నలభైకి కాస్త తక్కువ దెబ్బలు అలాంటివి ఉంటాయి. గోపికి కూడా అంతే ఉంటే నిజంగానే పాపం దురదృష్టం. అదే సగానికి పైగా ఉంటే .379కి కారణం ఉంది. అతను బంతిని ప్లేట్ మధ్యలో పెడుతున్నాడు, లేదా బ్యాటర్లకి ఏ బంతి వస్తుందో ముందే తెలిసిపోతోంది.

వేగం, బంతుల రకాలు

నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ సమాచారం దొరికేది కూడా ఇక్కడే. బేస్‌బాల్ సావంట్ సైట్‌లో ఆ మ్యాచ్ పేజీ తెరవండి. పిచర్ వేసిన ఒక్కో రకం బంతికి ఒక్కో వరస కనిపిస్తుంది: ఫోర్‌సీమ్ ఫాస్ట్‌బాల్, సింకర్, స్లైడర్, చేంజప్. ఎన్ని వేశాడు, సగటు వేగం ఎంత, సీజన్ సగటుతో పోలిస్తే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది, ఎన్నిసార్లు బ్యాటర్ ఊపి తప్పాడు.

మొదట ఫాస్ట్‌బాల్ వేగం. వేరే పిచర్లతో పోల్చకండి, అతని పాత వేగంతోనే పోల్చండి. ఒక మ్యాచ్‌లో అర మైలు తగ్గితే పట్టించుకోవద్దు. ఏప్రిల్ చలిలో అందరికీ కొంచెం తక్కువే ఉంటుంది, ఎండలు ముదిరేకొద్దీ పెరుగుతుంది. కానీ రెండు మూడు మ్యాచులుగా మైలున్నర, రెండు మైళ్లు తగ్గిందంటే ఈఆర్‌ఏ ఎంత అందంగా ఉన్నా టెన్షన్ పడాల్సిందే. భుజమో మోచెయ్యో ఇబ్బంది పెడుతూ ఉండొచ్చు. 2023లో 281 స్ట్రైకౌట్లు తీసిన స్పెన్సర్ స్ట్రైడర్, 2024లో రెండే మ్యాచులాడి మోచేతి ఆపరేషన్‌తో సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. పిచర్ల విషయంలో ఆరోగ్యం అంత నాజూకైన సంగతి.

తర్వాత, ఊపి తప్పిన బంతులు. వేసిన మొత్తం బంతుల్లో 11 శాతం దగ్గర సగటు. 14 దాటితే చాలా బాగా వేస్తున్నట్టు. దానికి, బ్యాటర్ ఊపకుండా వదిలేసినా అంపైర్ స్ట్రైక్ అన్న బంతులు కూడా కలిపితే సగటు 28 శాతం దగ్గర ఉంటుంది, 30 పైన ఉంటే మంచిది. ఈ అంకెలు స్ట్రైకౌట్ల కంటే ముందే కబురు చెబుతాయి. ఒక మ్యాచ్‌లో స్ట్రైకౌట్లు 25 మంది మీద లెక్కవుతాయి, ఇవి 90 బంతుల మీద.

చివరిగా, కొత్త బంతి ఏమైనా కనిపిస్తోందా? పైన చెప్పిన హంటర్ బ్రౌన్ కథలో మిగతా సగం ఇక్కడుంది. ఆ భయంకరమైన ఏప్రిల్ తర్వాత, టీమ్‌మేట్ అలెక్స్ బ్రెగ్మన్ సలహాతో మేలో సింకర్ వేయడం మొదలుపెట్టాడు. అప్పటిదాకా కుడిచేతి బ్యాటర్లు అతని బంతుల కోసం ధైర్యంగా ముందుకు వాలేవాళ్లు. లోపలికి దూసుకొచ్చే బంతి చేతికొచ్చాక ఆ ధైర్యం పోయింది. ఆ సీజన్ 3.49 ఈఆర్‌ఏతో ముగించాడు, తర్వాతి ఏడాది 2.43. మే నెలలో మ్యాచ్ పేజీలో సింకర్ అనే కొత్త వరస కనిపించినప్పుడే అతన్ని తీసుకున్నవాళ్లకి సీజన్ కలిసొచ్చింది. ఇలా కంటికి కనిపించే కారణం కోసమే మనం వెతికేది.

బ్లేక్ స్నెల్ 2024 ఇంకో రకం కారణం. కాంట్రాక్ట్ ఆలస్యమై మార్చి 19న గానీ శాన్‌ఫ్రాన్సిస్కోతో సంతకం చేయలేదు, స్ప్రింగ్ ట్రైనింగ్ (సీజన్ ముందు సాధన) దాదాపు మొత్తం పోయింది. తర్వాత గాయాలు. మొదటి ఆరు స్టార్ట్‌ల్లో ఈఆర్‌ఏ 9.51. జులైలో తిరిగొచ్చాక 14 స్టార్ట్‌ల్లో 1.23, మధ్యలో ఆగస్టు 2న సిన్సినాటిలో ఒక నో-హిట్టర్ (ఒక్క హిట్ కూడా ఇవ్వని మ్యాచ్). ముందు ఏడాదే సై యంగ్ గెలిచిన పిచర్‌కి ఆరు చెడ్డ మ్యాచులు పడితే, ఎందుకు పడ్డాయో అడగాలి. ఇక్కడ జవాబు స్పష్టంగా ఉంది, అది తాత్కాలికమైనది కూడా.

ఎవరి మీద, ఎక్కడ

మ్యాచ్ వారీ పట్టికలో ప్రత్యర్థి కాలమ్ చదవండి. 2024లో షికాగో వైట్ సాక్స్ 121 మ్యాచులు ఓడిపోయింది, 2025లో కొలరాడో రాకీస్ 119. అలాంటి టీముల మీద రెండు మంచి మ్యాచులు పడితే ఎవరి నెలైనా అందంగానే ఉంటుంది.

మైదానాల్లో ఒక్కటి మాత్రం తప్పకుండా గుర్తుపెట్టుకోండి: డెన్వర్‌లోని కూర్స్ ఫీల్డ్. సముద్ర మట్టానికి దాదాపు 5,280 అడుగుల ఎత్తు. గాలి పలచగా ఉంటుంది కాబట్టి కొట్టిన బంతి ఎక్కువ దూరం వెళ్తుంది, పిచర్ తిప్పే బంతి తక్కువ తిరుగుతుంది. 2002 నుంచి అక్కడ బంతులను తేమ గదిలో పెడుతున్నారు. దాంతో కొంత తగ్గింది కానీ ఇప్పటికీ పిచర్లకి అంతకంటే కష్టమైన చోటు లేదు.

స్ట్రైకౌట్లు చూడాలన్నది, మైదానం చూడాలన్నది నేను నష్టపోయి నేర్చుకున్నవి. కొన్నేళ్ల కిందట ఒక కుర్ర పిచర్ ఏడు ఇన్నింగ్స్ వేసి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. పొద్దున్నే ఆ స్కోరు చూసి, ఆఫీసుకి బయల్దేరేలోపే అతన్ని తీసుకున్నాను. ఆ ఏడు ఇన్నింగ్స్‌లో స్ట్రైకౌట్లు రెండే. ఆ అంకె నా కళ్ల ముందే ఉంది, నేను చదవలేదు. తర్వాతి మ్యాచ్ డెన్వర్‌లో అన్నది అసలు వెతకలేదు. మూడో ఇన్నింగ్స్ పూర్తికాకుండానే ఎనిమిది రన్స్ ఇచ్చి వెళ్లిపోయాడు. మిగతా పిచర్లందరూ వారమంతా బాగా వేసినా ఆ ఒక్క మ్యాచ్ ఈఆర్‌ఏ, విప్ రెండిట్లోనూ నన్ను ఓడించింది. అప్పటి నుంచి తర్వాతి రెండు మ్యాచులు ఎక్కడో చూడకుండా ఎవరినీ తీసుకోలేదు.

రిలీవర్ల గురించి క్లుప్తంగా. వాళ్లు నెలకి పది పన్నెండు ఇన్నింగ్స్‌కి మించి వేయరు కాబట్టి నెల ఈఆర్‌ఏకి అర్థమే లేదు. వేగం చూడండి, స్ట్రైకౌట్లు చూడండి. అన్నిటికంటే ముందు, స్వల్ప ఆధిక్యం ఉన్నప్పుడు తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మేనేజర్ ఎవరిని పిలుస్తున్నాడో చూడండి. సేవ్‌లు అతనికే వస్తాయి.

నిర్ణయం తీసుకునేటప్పుడు

సుబ్బు, గోపి దగ్గరకి మళ్లీ వద్దాం. గోపి వేగం తగ్గలేదు, గట్టి దెబ్బలు సగటు దగ్గరే ఉన్నాయి అనుకుంటే, అతన్ని వదలకండి. మరీ భయంగా ఉంటే ఒక వారం బెంచ్ మీద పెట్టండి, డ్రాప్ మాత్రం చేయొద్దు. ఇంకా బాగా చేయాలంటే, వేరే టీమ్‌లో ఇలాంటి గోపి ఉన్నాడేమో వెతికి, అతని యజమానికి ట్రేడ్ పంపండి. విసిగిపోయి ఉంటాడు, తక్కువకే ఇస్తాడు. సుబ్బుని మాత్రం బలహీనమైన టీమ్ మీద, పెద్ద మైదానంలో ఆడే ఒక్క మ్యాచ్ కోసం తీసుకుని, ఆ మర్నాడే వదిలేయండి. అతనికి కొత్త బంతి వచ్చిందనో వేగం పెరిగిందనో మ్యాచ్ పేజీలో కనిపిస్తే అప్పుడు మాట మార్చుకుందాం. వేలం పద్ధతి లీగ్ అయితే అతని మీద సీజన్ బడ్జెట్‌లో ఒకటి రెండు శాతానికి మించి పెట్టకండి.

ఎవరినైనా తీసుకున్నప్పుడు, వదిలినప్పుడు ఫోన్‌లో ఒక్క లైన్ రాసి పెట్టుకోండి: తేదీ, పేరు, కారణం. "సింకర్ కొత్తగా వేస్తున్నాడు, 18 శాతం" అన్నది కారణం. "ఈ మధ్య బాగా ఆడుతున్నాడు" అన్నది కాదు. మూడు స్టార్ట్‌ల తర్వాత ఆ లైన్ తెరిచి, ఆ కారణం ఇంకా ఉందో లేదో చూడండి.

లాక్ అయ్యే ముందు ఆఖరి పని, వారం షెడ్యూల్. సోమ, మంగళవారాల్లో వేసే స్టార్టర్‌కి మళ్లీ శని, ఆదివారాల్లో రెండో మ్యాచ్ రావచ్చు. చాలామంది దాన్నే నమ్ముకుని లైనప్ పెడతారు. మంగళవారం వాన పడి మ్యాచ్ ఒక రోజు వాయిదా పడితే, ఆ రెండోది వచ్చే వారంలోకి పోతుంది. అందుకే వాతావరణం కూడా ఒకసారి చూసుకోండి. హైదరాబాద్, విజయవాడల్లో కూర్చుని ఆడేవాళ్లకి అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 7 గంటల మ్యాచ్ అంటే తెల్లవారుజామున నాలుగున్నర. పడుకునే ముందే లైనప్ సరిచేసి, అలారం పెట్టుకోండి. మ్యాచ్ మొదలవడానికి ముందు ఆఖరి నిమిషంలో పిచర్ మారితే ఆ అలారమే మిమ్మల్ని కాపాడుతుంది.